బందరు దారిలో అరవై ఆరు కోతులు

పూనాలో బయలుదేరిన రోడ్డు షోలాపూరు దాటి, హైదరాబాదు దాటి, సూర్యాపేటలో కాస్త టీ తాగి, బెజవాడలో కృష్ణమ్మకి దణ్ణం పెట్టుకుని, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరి, అక్కడ సముద్రం అడ్డొచ్చింది కాబట్టి ఆగిపోయింది. లేకపోతే బర్మాలో రంగం దాకా పోయేదే. మొత్తం ఎనిమిది వందల నలభై కిలోమీటర్ల చిల్లర. ఇది గవర్నమెంటువారి లెక్క.

బందరువాళ్ళ లెక్క వేరు. రోడ్డు బందరులో పుట్టి పూనాలో చచ్చిందంటారు వాళ్ళు. "గోలకొండ నవాబులకి గుర్రాలు ఎక్కడ దిగేవయ్యా? మన రేవులో! కలంకారీ బట్టలు ఎడ్ల మీద ఎటు పోయేవి? ఇటు నుంచి అటు! మరి మొదలు మనదా, పూనావాడిదా?" అని బస్టాండు దగ్గర టీ కొట్లలో రోజుకొక్కసారైనా ఎవరో ఒకరు బల్ల గుద్దాల్సిందే. ఆ గుద్దుళ్ళకి టీ గ్లాసులు పగిలేవి గానీ రోడ్డు మాత్రం ఎటూ కదల్లేదు.

ఈ మొదలూ చివరా గొడవ మన అల్లాబక్షుకి పట్టదు. అతను బోర్డులు రాసే పెయింటరు. చిలకలపూడి రోల్డుగోల్డు కొట్ల మీద మెరిసే అక్షరాల్లో సగం అతని చేతివే. లారీ వెనక 'హారన్ ప్లీజ్' దగ్గర్నుంచి ఎలక్షన్లలో గోడల మీద గుర్తుల దాకా ఏదైనా రాస్తాడు, ఏ పార్టీకైనా రాస్తాడు. కానీ అక్షరం గుండ్రంగా రాకపోతే ఆ పూట అన్నం సయించదు. అలాంటివాణ్ణి డెబ్బై తొమ్మిదిలో, ఎండలు ముదరకముందు, రోడ్ల డిపార్టుమెంటు వర్క్ ఇనస్పెక్టరు ధనరాజు పిలిచి పెద్ద పని అప్పగించాడు.

"బక్షూ, బెజవాడ నుంచి మనూరి దాకా కిలోమీటరు రాళ్ళు అరవై ఆరు, మనూళ్ళో సున్నా రాయి అదనం. రాయికి వెల్లెయ్యి, తలకి పసుపు కొట్టు. ఊరి పేరు తెలుగులో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస. కింద నంబరు. అక్షరాల అచ్చులు నేనిస్తా. నువ్వు మాత్రం నీ బుర్ర వాడమాకు."

ఆ చివరి మాట ధనరాజు రెండేళ్ళు ఆలస్యంగా చెప్పాడు. అల్లాబక్షు బుర్ర డెబ్బై ఏడులోనే వాడేశాడు.

డెబ్బై ఏడు నవంబరులో దివిసీమకి ఉప్పెన వచ్చిన సంగతి నవ్వుతూ చెప్పేది కాదు, నేను చెప్పను. ఒక్క లారీ సంగతి చెప్తాను. షోలాపూరు నుంచి దుప్పట్లేసుకుని ఒక లారీ బయలుదేరింది. పామర్రు సెంటరు దాకా బాగానే వచ్చింది. అక్కడ మూడు దార్లు. నేరుగా వెళ్తే బందరు, కుడికి తిరిగితే చల్లపల్లి మీదుగా దివిసీమ, ఎడమకి గుడివాడ. బోర్డులు గాలికి ఎగిరిపోయాయి. రాళ్ళ మీది రాతలు ఎప్పుడో చెరిగిపోయాయి. డ్రైవరుకి తెలుగు రాదు, ఎదురైనవాళ్ళకి హిందీ రాదు. ఎవరో చెయ్యి ఊపితే ఎడమకి తిరిగాడు. గుడివాడ వెళ్ళి, అక్కడివాళ్ళు పెట్టిన అన్నం తిని, మళ్ళీ ఎవరో చెయ్యి ఊపితే కైకలూరు దాకా పోయి, మర్నాడు సాయంత్రానికి గానీ దివిసీమ చేరలేదు.

అల్లాబక్షు అక్క బీబీజాన్ది నాగాయలంక దగ్గర ఊరు. ఆమె బడి డాబా మీద తడిచీరతో రెండు రోజులు కూర్చుంది. ప్రాణం దక్కింది. తర్వాత తమ్ముడు చూడ్డానికి వెళ్తే ఆమె ఏడవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"దుప్పట్లు గుడివాడ వెళ్ళాయంటరా! గుడివాడలో చలెక్కడుంది?"

ఆ మాట అల్లాబక్షు కడుపులో ముల్లులా దిగబడిపోయింది. ఇప్పుడు రాళ్ళు తన చేతికొచ్చాయి. తెలుగు, ఇంగ్లీషు రాశాక కింద నాలుగు వేళ్ళ జాగా మిగులుతోంది. అందులో హిందీలో కూడా ఊరి పేరు రాసేస్తే ఉత్తరాది డ్రైవరు ఎవడూ మళ్ళీ దారి తప్పడు. డిపార్టుమెంటు అడగలేదు. అడగాలా ఏమిటి, పెయింటు తనది, చెయ్యి తనది.

ఒక్కటే చిక్కు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా హిందీ అక్షరం ముక్క రాదు. అందుకని సోమేశ్వరరావు మాస్టారి దగ్గరికెళ్ళాడు. మాస్టారు బందరులో హిందీ ట్యూషన్లు చెప్తారు. ఊళ్ళో హిందీ వచ్చినవాళ్ళంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. రానివాళ్ళూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

"మాస్టారండీ, మనూరి పేరు హిందీలో రాసిస్తారా? జాగా నాలుగు వేళ్ళే ఉందండి."

"మచిలీపట్నం నాలుగు వేళ్ళలో ఎక్కడ పడుతుంది నాయనా? పట్నం పొలంలో పడుతుంది. బందరని రాద్దాం. బ, దాని నెత్తిన చుక్క, ద, ర. మూడే అక్షరాలు. చూశావా, ఎంత పొదుపైన భాషో!" అని మాస్టారు సిగరెట్టు పెట్టె చించి అట్ట మీద రాసిచ్చారు.

ఇక్కడ మీరు నన్ను పట్టుకుంటారు, నాకు తెలుసు. ఉర్దూ మాట్లాడే మనిషికి బందర్ అంటే కోతి అని తెలీదా అంటారు. తెలియకేం! పెంకు మీద కోతి కనబడితే 'బందర్, బందర్' అని కర్ర పుచ్చుకుని తరిమినవాడే. కానీ కోతి వేరు, ఊరు వేరు. గుడివాడలో ఉండేవాళ్ళు ఊరి పేరు పలికినప్పుడల్లా గుడి గుర్తొచ్చి చెప్పులు విప్పుతారా? పుట్టినప్పట్నుంచీ వాడే పేరుకి అర్థం వెతకడం పనిలేనివాళ్ళ పని. అల్లాబక్షుకి పనుంది.

సైకిలు హ్యాండిలుకి పసుపు డబ్బా ఒకటి, నలుపు డబ్బా ఒకటి, వెనక సున్నం బాల్చీ. భార్య నాగూర్ బీ కట్టిచ్చిన సద్ది. రెండు నెలలు. బెజవాడ నుంచి మొదలుపెట్టి రాయి రాయికీ మోకాళ్ళ మీద కూర్చుని అట్టముక్క చూసుకుంటూ రాశాడు. అర్థం కాని అక్షరాలు కాబట్టి మరీ శ్రద్ధగా రాశాడు. చివరికి బందరు బస్టాండు దాటాక ఉన్న సున్నా రాయి దగ్గర బ్రష్షు కడుక్కుని, తన చేతిరాత తనే చూసుకుని మురిసిపోయాడు.

ధనరాజు వచ్చి చూశాడు. "కింద ఈ బట్టలారేసిన తీగేవిట్రా?"

"హిందీ అండీ. నా తరఫున ఊరికే."

ధనరాజుకి హిందీ రాదు గానీ సమయస్ఫూర్తి వచ్చు. ఆ సాయంత్రమే 'జాతీయ రహదారిపై జాతీయ భాషను నేనే స్వయంగా రాయించితిని' అని పైకి రిపోర్టు పంపుకున్నాడు. ఆ రిపోర్టు పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఢిల్లీలో ఎవరికో ముచ్చటేసింది. తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తంతి వచ్చింది. ధనరాజు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

ఆఫీసరు రాకకి రెండు రోజుల ముందు పూనా లారీ ఒకటి బియ్యం లోడుకని వచ్చి సున్నా రాయి దగ్గర ఆగింది. డ్రైవరు శిందే కిందకి దిగి, రాయిని చూసి, పొట్ట పట్టుకుని రోడ్డు మీదే చతికిలబడి నవ్వాడు. అల్లాబక్షు ఎదురుగా టీ కొట్టు బోర్డు రాస్తున్నాడు. నిచ్చెన దిగి, "ఏం భాయ్, అంత నవ్వొచ్చే రాతేముంది?" అని ఉర్దూలో అడిగాడు.

"ఎవరో మహానుభావుడు రాశాడు భాయ్! కంకిపాడు దగ్గర చూస్తే పచాస్ బందర్. యాభై కోతులు. సరే, ఉన్నాయేమో అనుకున్నా. ఇంకాస్త ముందుకొస్తే నలభై తొమ్మిది. పామర్రు వచ్చేసరికి ముప్ఫైకి దిగాయి. కిలోమీటరుకో కోతి మాయమైపోతోంది! ఇక్కడికొచ్చేసరికి సున్నా. మీ ఊళ్ళో కోతుల్ని ఏం చేస్తున్నారు?"

అల్లాబక్షు చేతిలో బ్రష్షు టీ కొట్టువాడి పాలగిన్నెలో పడింది. "యా అల్లా" అన్నాడు. నలభై ఐదేళ్ళ నుంచీ తను ఉంటున్న ఊరు కోతి అని అతనికి అప్పుడు తెలిసింది.

ఆ రాయి దగ్గర్నుంచి మాస్టారి ఇంటిదాకా సైకిలు తొక్కాడో, సైకిలే అతన్ని ఈడ్చుకెళ్ళిందో తెలీదు.

"మాస్టారండీ! బందరంటే కోతి కదండీ!"

సోమేశ్వరరావు మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "కావచ్చు నాయనా. నేను పాసయింది మధ్యమ పరీక్ష. కోతి పాఠం దాని పై పరీక్షలో వస్తుంది."

"మరి నా గతేంటండీ?"

"కంగారుపడకు. పారసీలో బందరంటే రేవని కూడా అర్థముంది. వచ్చే ఆఫీసరు పారసీవాడైతే నీకు ఢోకా లేదు."

వచ్చే ఆఫీసరు పేరు త్రిపాఠీ. కాశీ మనిషి.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. 'కోతుల బక్షు' అన్న బిరుదు ఇంటికి అతనికన్నా ముందే చేరింది. నాగూర్ బీ గుమ్మంలో నిలబడి, "రెండు నెలలు ఎండలో మాడి రాసొచ్చింది ఇదా? ఒక్క మాట నన్నడిగితే చెప్పేదాన్ని కదయ్యా!" అంది.

"నీకు చదువు రాదు కదే."

"చదువు రాకపోతే కోతి తెలీదా?"

ఈలోగా ధనరాజు చొక్కా గుండీలు అడ్డదిడ్డంగా పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఒరే బక్షూ! నా కొంప ముంచావు కదరా! సున్నం బాల్చీ తీసుకో. ఎల్లుండి పొద్దునకల్లా అరవై ఆరు రాళ్ళ మీదా ఆ తోకల భాష కనపడకూడదు. కనపడిందంటే ఈ జిల్లాలో నువ్వు మళ్ళీ బ్రష్షు పట్టవు, చెప్తున్నా!"

"చెరిపితే లారీలు మళ్ళీ గుడివాడ పోతాయండీ."

"పోతే పోనీ! గుడివాడవాళ్ళు మాత్రం మనుషులు కారా?"

మర్నాడు తెల్లారకముందే అల్లాబక్షు బాల్చీ తగిలించుకుని బయలుదేరాడు. చెరపడానికే బయలుదేరాడు, అబద్ధమెందుకు. ఒకటో రాయి దగ్గర కూర్చున్నాడు. కుంచె సున్నంలో ముంచాడు. రాయి దాకా చెయ్యి వెళ్ళింది, అక్షరం దాకా వెళ్ళలేదు. గుడివాడలో చలెక్కడుంది అన్న మాట చెవిలో పడుతూనే ఉంది. ఇంకోసారి గాలివాన రాదని ఎవరు రాసిచ్చారు? అప్పుడు ఏ డ్రైవరు ఎటు తిరుగుతాడో! కుంచె మీది సున్నం ఎండి రాలిపోయేదాకా అలాగే కూర్చుని, బాల్చీ కాలవలో పారబోసి ఇంటికొచ్చేశాడు. బ్రష్షు పోతే పోయింది, రిక్షా తొక్కుకోవచ్చు అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఆ మర్నాడు సున్నా రాయి దగ్గర పందిరేశారు. ధనరాజు దండ పట్టుకుని, సోమేశ్వరరావు మాస్టారు దుబాసీగా ఇస్త్రీ పంచె కట్టుకుని, ఊరి పెద్దలు పళ్ళేల్లో బందరు లడ్డూలు సర్దుకుని నిలబడ్డారు. శిందే లారీకి లోడు ఇంకా పూర్తికాలేదు, టీ కొట్టు బల్ల మీద కూర్చుని తమాషా చూస్తున్నాడు. అల్లాబక్షు అందరి వెనకా తలదాచుకున్నాడు.

జీపొచ్చి ఆగింది. త్రిపాఠీ గారు దిగారు. మొహం ఎండిన కొబ్బరి చిప్పలా ఉంది. బెజవాడ నుంచి దారంతా లెక్కపెట్టుకుంటూ వచ్చారని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆయన రాయిని చూశారు, సున్నాని చూశారు, ధనరాజుని చూశారు. హిందీలో అడిగారు. "అక్కడ అరవై ఆరు కోతులు. ఇక్కడ ఒక్కటీ లేదు. ఏం చేశారు?"

ధనరాజు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గొంతు సవరించుకుని, "పని పూర్తయిందా అని అడుగుతున్నారు" అని అర్థం చెప్పారు.

"ఎస్సార్!" అన్నాడు ధనరాజు ఉత్సాహంగా. "ఆల్ ఫినిష్డ్ సార్! ఒక్కటి కూడా మిగల్లేదు సార్!"

"తినేశారా?" అన్నారు త్రిపాఠీ గారు.

మాస్టారికి 'ఖా' అన్న ముక్క మాత్రం పట్టుబడింది. "తినడానికేముంది అంటున్నారు, పళ్ళెం, పళ్ళెం!" అని తొందరపెట్టారు. ధనరాజు పళ్ళెం లాక్కుని, పెద్ద లడ్డూ ఏరి, ఆఫీసరు నోటికి అందించబోతూ వచ్చీరాని హిందీలో గర్వంగా అన్నాడు.

"బందర్ లడ్డూ, సాబ్! ఫ్రెష్!"

త్రిపాఠీ గారు రెండడుగులు వెనక్కి వేసి జీపులో పడ్డారు. నిష్ఠగల బ్రాహ్మడు, పొద్దున్నే హనుమాన్ చాలీసా చదువుకుని బయలుదేరిన మనిషి. "రామ రామ! అరవై ఆరింటినీ లడ్డూలు చుట్టారా!" అని అరిచారు. మాస్టారు చేతులు జోడించి, "రామనామం స్మరిస్తున్నారు, మహా భక్తులు" అని ఊరికి విన్నవించారు. ఊరంతా గోవిందా కొట్టింది.

ఇంక లాభం లేదని అల్లాబక్షు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. ఉర్దూలోనే చెప్పాడు. "హుజూర్, ఇది కోతి కాదు, మా ఊరు. ఆ లడ్డూ శనగపిండి, బెల్లం, నెయ్యి. రాసింది నేను. వీళ్ళెవరి తప్పూ లేదు." ఎందుకు రాశాడో కూడా చెప్పాడు. పామర్రు సెంటరు, దుప్పట్ల లారీ, డాబా మీద అక్క.

త్రిపాఠీ గారు లడ్డూ వాసన చూసి కాస్త శాంతించారు గానీ తల అడ్డంగానే ఊపారు. "నీ మనసు మంచిదే. అయినా జాతీయ రహదారి మీద కోతులుండకూడదు. చెరిపెయ్యి."

ఆ 'చెరిపెయ్యి' అన్న మాటకి మాస్టారి తర్జుమా అక్కర్లేకపోయింది. అల్లాబక్షు మొహం చూసి జనానికి తెలిసిపోయింది. అప్పుడు టీ కొట్టు బల్ల మీద నుంచి శిందే లేచాడు.

"సాబ్, ఒక్క మాట. మచిలీపట్నం అనడానికి మాకు నోరు తిరగదు. ఈసారి ఈ కోతుల్ని లెక్కపెట్టుకుంటూ దారిలో ఎవర్నీ అడక్కుండా వచ్చేశాను. కోతులు తగ్గుతుంటే సరైన దారి. కోతులు కనబడకపోతే తప్పుదారి, బండి తిప్పు. చదువు రాని క్లీనరుకి కూడా ఆ బొమ్మ గుర్తుంటుంది." కాస్త ఆగి టోపీ తీశాడు. "రెండేళ్ళ కిందట ఈ రాతలు లేవు సాబ్. గుడివాడ పోయిన ఆ దుప్పట్ల లారీ నాదే."

అల్లాబక్షు అప్పటిదాకా జనానికి ఒక్కో మాటా తెలుగులో చెప్తూ వచ్చాడు. ఈ మాట దగ్గర తర్జుమా మర్చిపోయాడు. "ఏవన్నాడ్రా, ఏవన్నాడు?" అని ధనరాజు మోచేత్తో పొడిచాడు. "ఆ లారీ ఇతనిదేనంటండీ" అని మాత్రం చెప్పి, వెళ్ళి శిందే చెయ్యి పట్టుకున్నాడు. శిందే సిగ్గుపడుతూ, "ఆ రోజు గుడివాడలో నాకు అన్నం పెట్టారు భాయ్. తిన్నాను. ఆ అన్నం నాకిప్పటికీ అరగలేదు" అన్నాడు.

త్రిపాఠీ గారు జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకుని పైకి చదివారు. "హిందీ రాత తృప్తికరం. స్థానిక పేరు. మార్చనక్కర్లేదు." ధనరాజు గాలి పీల్చుకోబోతుంటే ఆయన పెన్ను ఎత్తారు. "కానీ ఇక్కడ సున్నా అని రాయడం మాత్రం తప్పు." ధనరాజునీ, మాస్టారినీ పైనుంచి కిందదాకా చూశారు. "నాకు రెండు కనబడుతున్నాయి."

ఆ మాట మాస్టారు తర్జుమా చెయ్యలేదు. మొత్తమ్మీద ఆ రోజు ఆయనకి బాగా అర్థమైన హిందీ వాక్యం అదొక్కటే.

నెల తిరక్కుండా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పామర్రు నుంచి దివిసీమ వెళ్ళే దారిలో రాళ్ళకి కూడా హిందీ రాయించాలట. అల్లాబక్షు ఈసారి తెలివి తెచ్చుకున్నాడు. శిందే పూనా నుంచి మళ్ళీ బందరు వచ్చేదాకా ఆగి, అతని ఎదుటే మాస్టారి చేత దివిసీమలో పెద్ద ఊరైన అవనిగడ్డ పేరు రాయించాడు. ఆ అట్ట కూడా నాలుగు వేళ్ళ కొలతే కాబట్టి అవని పోయి గడ్డ మిగిలింది.

శిందే చదివి పెదాలు బిగబట్టాడు. "భాయ్, గడ్ఢా అంటే హిందీలో గుంట. ముప్ఫై గుంటలు, ఇరవై తొమ్మిది గుంటలు, అలా వస్తుంది మరి."

అల్లాబక్షు ఆలోచించాడు. ఆ రోడ్డు మీద సైకిలు తొక్కిన నడుము అతనిది. "పర్లేదు భాయ్, అబద్ధమేం కాదు. లెక్కే తక్కువ" అని బ్రష్షు పట్టుకున్నాడు.

దివిసీమలో ఆఖరి రాయి రాస్తుంటే అక్క బీబీజాన్ తన ఊరి నుంచి మజ్జిగ చెంబు తెచ్చి పక్కన కూర్చుంది. కొత్త అక్షరాల కేసి వేలు చూపించి, "ఇదేనట్రా ఆ కోతి?" అని అడిగింది.

"కాదు, ఆపా. కోతి బందరు దారిలో. ఇది గుంట."

"ఏదైతే ఏంలేరా. లారీ ఇటే వస్తుంది కదా?"

"ఇటే వస్తుంది, ఆపా" అన్నాడు అల్లాబక్షు. మజ్జిగ తాగడం మర్చిపోయి, ఆ అక్షరం ఇంకాస్త గుండ్రంగా దిద్దాడు.